చెక్ అనే మాట, ఎడమ తలుపు తూకం

నా ఉద్యోగం పేరు చెకర్. మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో ఒక మసాలా దినుసుల గోడౌన్‌లో చెకర్‌గా చేరి, చెకర్‌గానే రిటైరయ్యాను. మధ్యలో సీనియర్ అనీ, చీఫ్ అనీ ముందు ఏవో తగిలించారు గానీ, చేసింది ఒకటే పని: ఎదుటివాడు చెప్పింది నమ్మకపోవడం. నమ్మనందుకు నెలనెలా జీతం తీసుకున్న మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో మా ఆవిడని అడగండి. పొయ్యి కట్టేశానని ఆవిడ చెప్పినా, వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చే రకం నేను.

కొత్తగా గోడౌన్లలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ క్లాంగ్‌లో మా ఇంటికి వస్తుంటారు. ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి అంకుల్ అని అడుగుతారు. చెక్ అనే మాట నేర్చుకోండి అంటాను. నవ్వుతారు. ఆ మాట తెలియని వాళ్ళెవరండీ!

అదే కదా చిక్కు. అందరికీ తెలుసు, ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుసు. క్లాంగ్ రోడ్డు మీద పోలీసు ఆపి చెక్ అంటే బండి కాగితాలు తియ్యాలి. డాక్టరు చెక్ చేద్దాం అంటే చొక్కా విప్పాలి. ఏ ఆఫీసులోనైనా కిటికీ అవతల కూర్చున్నవాడు చెక్ చేసి చెప్తాం అన్నాడంటే, ఇక ఆ సంగతి మర్చిపోయి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. గళ్ళ చొక్కా వేసుకుంటే అదీ చెక్సే. సుంగై సిపుట్‌లో మా మావగారు, కాబోయే అల్లుడు చెకర్ అని వినగానే బ్యాంకులో చెక్కులు ఇచ్చే పని అనుకుని తోటంతా చాటింపు వేశాడు. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటకి వచ్చినవాళ్ళం మేం. మాలో బ్యాంకు గడప తొక్కినవాడంటే అప్పట్లో గొప్పే. పెళ్ళయ్యేదాకా నేనూ సరిదిద్దలేదు లెండి.

మా గోడౌన్ మేనేజరమ్మ దగ్గర ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది. ఆవిడ చైనీస్ ఆవిడ. పని రాక్షసి. ఏ కాగితమైనా నా బల్ల మీద పడేసి "యూ చెక్ ఆ!" అనేది. అంటే చూడమని కాదు. రేపు తేడా వస్తే తల నీదే అని. ఆ అర్థం ఏ డిక్షనరీలోనూ లేదు, పనిలో చేరిన మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఆ మేనేజరమ్మ ఒకరోజు ఒక మనిషిని నాకు అప్పగించింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కాకినాడ నుంచి వచ్చాడు. స్టోర్ ఎగ్జిక్యూటివ్ అని పెద్ద పేరు; పని మాత్రం బయటికి వెళ్ళే సరుకు తూకం వేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించడం. "మీరు తెలుగువాళ్ళా అండీ!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ రోజు నుంచే నన్ను బాబాయ్ గారూ అనడం మొదలుపెట్టాడు. ఊరూపేరూ సరిగ్గా తెలియకముందే బాబాయ్ అనేవాడిని నమ్మొచ్చా? నాకు అనుమానమే. దానికి తోడు ఏది అడిగినా "చెక్ చేసి చెప్తానండీ" అనేవాడు. తిన్నావా అబ్బాయ్ అంటే కూడా ఒక్క క్షణం ఆలోచించే మనిషి.

మా గోడౌన్ ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. రెండు తలుపులు. ఓడ మీద వచ్చిన సరుకు కుడి తలుపులోంచి లోపలికి వస్తుంది. అమ్ముడైన సరుకు ఎడమ తలుపులోంచి బయటికి పోతుంది. రెంటికీ మధ్య నేలలో గొయ్యి తీసి, నేల మట్టానికి బిగించిన పెద్ద కాటా. వచ్చేటప్పుడూ దాని మీదే తూకం, పోయేటప్పుడూ దాని మీదే. కుడి తలుపు నాది. ఎడమ తలుపు కాకినాడ అబ్బాయిది. నా తూకం నేను కుడి అంచు మీద వేయించేవాణ్ణి, అతను ఎడమ అంచు మీద. అటూ ఇటూ బస్తాలు మోసేది ఫోర్క్‌లిఫ్ట్ తోలే మలాయ్ మనిషి. నాకంటే చిన్నవాడు, నన్ను తమిళంలో అన్నే అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి.

రోజూ పొద్దున్న కాటాని కూడా చెక్ చేస్తాం. దానికి చెక్ వెయిట్ అని ఒక ఇనుప తూకపురాయి ఉండేది. కాటా మీద పెట్టి, ముల్లు సరిగ్గా చూపిస్తే సరే అని సంతకం. ఆ రాయి కుడి మూల, నా బల్ల పక్కన ఉంటుంది. నేను చేరకముందు నుంచీ దాన్ని ఎత్తి అక్కడే, కాటా కుడి మూలే పెట్టేవారు. ఇనుము కదా, నడుం పట్టేస్తుంది, అంత దూరం ఎవడు మోస్తాడు?

ఆ యేడు ఆయుధ పూజ వచ్చింది. మా గోడౌన్‌లో అది పెద్ద పండగ. ఫోర్క్‌లిఫ్ట్‌కి, ట్రాలీలకి, కాటాకి అన్నిటికీ పసుపు, కుంకుమ, పూలదండలు. మేనేజరమ్మ నారింజ పళ్ళు తెప్పిస్తుంది. మలాయ్ తమ్ముడు బండి తీసుకొచ్చి పెట్టి, పూజయ్యేదాకా బయట నిలబడి, మిఠాయి కోసం మాత్రం మొదట వస్తాడు. కొబ్బరికాయ కొట్టేది ఎప్పుడూ నేనే. మాకు మంత్రాలు సగం తమిళం, సగం మర్చిపోయినవి. ఈ అబ్బాయి శ్లోకం మొదలుపెడితే గోడౌన్ అంతా చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వే కొట్టు బాబూ, మాకంటే నీకే బాగా తెలిసినాది" అని కాయ అతని చేతికిచ్చాను.

కొట్టే బండరాయి బయట ఉంది. బయట కుండపోత వాన. అతను చుట్టూ చూసి, "కాటా అంచు మీద కొడతానండీ. మనకి అన్నం పెడుతున్నది ఇదే కదా" అన్నాడు. ఆ ఇనుప అంచు మీద ఒక్క దెబ్బకి కాయ పగిలింది. అందరం చప్పట్లు కొట్టాం. మంచి శకునం అన్నారు.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఎడమ తలుపు తూకం తగ్గడం మొదలైంది.

లోపలికి వచ్చినప్పుడు సరిగ్గా ఉన్న ఏలకుల బస్తాలు, బయటికి పోయేటప్పుడు తక్కువ తూగేవి. లవంగాలూ అంతే. మిరియాలూ అంతే. నా తలుపు దగ్గర ఏ లోటూ లేదు. లోటంతా అతని దగ్గరే. ఏలకులంటే మాటలా! గుప్పెడు జేబులో వేసుకుపోతే సాయంత్రానికి బజార్లో అమ్ముడైపోయే సరుకు. మధ్యలో ఎవరున్నారు? అతనే. కొత్తగా వచ్చిందెవరు? అతనే. ఇంట్లో అవసరం ఉన్నదెవరికి? భార్యకి అయిదో నెల, వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనిషి, అద్దె ఇల్లు. అన్నీ అతని వైపే వేలు చూపించాయి.

మేనేజరమ్మ నన్ను పిలిచింది. "రోజూ సాయంత్రం గేటు దగ్గర అతని సంచి యూ చెక్ ఆ. అతనిది మాత్రమే" అంది.

చేశాను. నా ఉద్యోగం అది. మిగతావాళ్ళు చకచకా నడిచి స్టేషన్ వైపు పోతుంటే, అతను సంచి తెరిచి నా ముందు నిలబడేవాడు. అన్నం డబ్బా, గొడుగు, ఒక తువ్వాలు. డబ్బా మూత కూడా తీయించేవాణ్ణి. మొదటి రోజు అతని చెవులు ఎర్రబడ్డాయి. రెండో రోజు నుంచి నేను అడగకముందే మూత తీసేవాడు.

ఒకరోజు గొంతు తగ్గించి అన్నాడు. "ఎవరో నాకు చెక్ పెడుతున్నారు బాబాయ్ గారూ."

ఆ వాడకం నాకు కొత్త. అక్కడ ఆంధ్రాలో రాజకీయాల్లో అంటారట, ఒకడు ఇంకొకడి దారికి అడ్డం పడితే చెక్ పెట్టాడని. చదరంగంలోంచి వచ్చిందట. మా తోటల్లో ఎవడు చదరంగం ఆడాడు గనక!

"అదంతా నాకెందుకు గానీ, నువ్వు తీసినావా, లేదా? ఆ ఒక్క ముక్క సెప్పు" అన్నాను.

"మా ఆవిడ కడుపులో బిడ్డ మీద ఒట్టండీ."

ఒట్టు పెట్టేవాణ్ణి నేను అసలు నమ్మను. తెలిసిన దొంగలందరూ ఒట్లు పెట్టినవాళ్ళే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక నా అనుమానం ఇంకోవైపు తిరిగింది. దొంగ తన దొంగతనాన్ని తనే కంప్యూటర్‌లో ఎక్కిస్తాడా? తూకం తగ్గిందని రోజూ నిజం ఎక్కిస్తున్నది ఇతనే కదా! ఇంకోటి. సరుకు కొనుక్కున్న ఏ వ్యాపారీ తక్కువొచ్చిందని ఫోన్ చెయ్యలేదు. మసాలా వ్యాపారులు గోరంత తేడా వస్తే ఊరంత గొడవ చేసే జాతి. వీళ్ళంతా ఇంత నోరు మూసుకుని ఉన్నారేటి?

పొద్దున్న ఫోర్క్‌లిఫ్ట్ తమ్ముడితో అన్నాను. వాడు బండి దిగి నా మొహంలోకి చూశాడు.

"అన్నే, ఆ మనిషి నా దగ్గర టీ కూడా ఊరికే తాగడు. నువ్వు మీ ఆవిణ్ణి కూడా అనుమానిస్తావు, నాకు తెలుసు. ఈసారి కొంచెం వేరే ఎవరినైనా అనుమానించు లా" అన్నాడు, మా మలేషియావాళ్ళ అలవాటు ప్రకారం చివర లా తగిలించి.

"ఎవుర్ని?"

"నాకేం తెలుసు! అనుమానించే పని నీది" అని బండెక్కి పోయాడు.

మేనేజరమ్మ మాత్రం ఆగలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అతన్ని పైకి ఆఫీసులోకి పిలిచి, తాళాలూ కంప్యూటరూ అప్పగించమంది. సోమవారం పోలీసు రిపోర్టు ఇస్తామంది. రిపోర్టు పడితే పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే దేశం వదిలి పోవాలి, మళ్ళీ రానివ్వరు. దొంగ అని ముద్ర పడ్డవాడికి కాకినాడలో మాత్రం ఎవడు పనిస్తాడు? అతను మెట్లెక్కుతూ నా వైపు చూడలేదు.

శుక్రవారం నమాజు వేళ కదా, మలాయ్ తమ్ముడు మసీదుకి వెళ్ళాడు. గోడౌన్ ఖాళీ. నేనొక్కణ్ణే. మర్నాడు నాకు డాక్టరు దగ్గర చెకప్. బరువు తగ్గకపోతే చీవాట్లే. ప్రతి చెకప్ ముందూ ఎవరూ లేనప్పుడు ఆ కాటా ఎక్కి చూసుకోవడం నా అలవాటు. కుడి వైపు ఎక్కే దారికి మిరియాల బస్తాలు అడ్డం ఉన్నాయి. చుట్టూ తిరిగి ఎడమ వైపు ఎక్కాను.

నాలుగు కిలోలు తగ్గాను.

ఇంకో మనిషైతే సంబరపడేవాడు. నాకు ఒళ్ళు మండింది. ఏటిది? నేనెలా తగ్గుతాను? ఆ పొద్దున్నే మా ఆవిడ చేతి ఇడ్లీలు లెక్క లేకుండా లాగించి వచ్చాను. రాత్రి పరోటా. తగ్గేందుకు నేను చేసిన పాపమేటి? నా ఒంటి సంగతి నాకు తెలుసు. ఇందులో ఏదో మోసం ఉంది.

మిరియాల బస్తాల పక్క నుంచి ఒళ్ళు కుదించుకుని కుడి మూలకి వెళ్ళి నిలబడ్డాను. నాలుగు కిలోలూ తిరిగి వచ్చేశాయి. ఎడమకి వచ్చాను, పోయాయి. కుడికి వెళ్ళాను, వచ్చాయి. చూసేవాళ్ళుంటే ముసలాడికి పిచ్చెక్కిందనుకునేవాళ్ళు. అప్పుడు, ఆ గోడౌన్ పుట్టాక మొదటిసారి, ఆ ఇనుప రాయిని నడుం విరిగేలా మోసుకెళ్ళి ఎడమ మూల పెట్టాను. ముల్లు దాని బరువు దాకా రాలేదు.

మెట్ల కింద నిలబడి కేకేశాను. "మేడం! కిందకి రండి! ఇప్పుడే రండి!"

ఆవిడ విసుక్కుంటూ వచ్చింది. వెనకాల అతను, చేతిలో తాళాల గుత్తితో. ఎలా మొదలుపెట్టాలో తెలియక "మేడం, ఒకసారి ఈ కాటా ఎక్కండి" అన్నాను.

"నేను ఎక్కను" అంది ఆవిడ, ఒక అడుగు వెనక్కి వేసి. ఆడవాళ్ళని కాటా ఎక్కమన్న నా తెలివికి నేనే తల కొట్టుకున్నాను.

"నేనెక్కుతానండీ" అన్నాడు అతను. ఎందుకని కూడా అడగలేదు. ఉద్యోగం పోయిన మనిషి, కాటా ఎక్కితే ఇంకేం పోతుంది అనుకున్నాడేమో. ఎడమ వైపు నిలబడ్డాడు. కుడి వైపు నిలబడ్డాడు. మళ్ళీ ఎడమ. మేనేజరమ్మ ముల్లు వైపే చూస్తోంది. మూడోసారికి అతనికి అర్థమైంది. అక్కడే, కాటా మీదే కూర్చుండిపోయాడు.

నమాజు నుంచి తమ్ముడు తిరిగొచ్చాక ఫోర్క్‌లిఫ్ట్‌తో కాటా పలక పైకెత్తించాం. ఎడమ అంచుకీ గొయ్యి గోడకీ మధ్య సందులో ఒక కొబ్బరి పెంకు ముక్క బిగుసుకుపోయి ఉంది. పలక అటు బరువుకి దిగబోతే పెంకు పట్టేస్తోంది. పెంకు మీద కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది. బస్తాల్లో సరుకు ఎక్కడికీ పోలేదు. తక్కువ తూకానికి డబ్బు కట్టి, పూర్తి సరుకు పట్టుకుపోయిన వ్యాపారులు అందుకే నోరెత్తలేదు. తరవాత ఆ మిగతా డబ్బు వాళ్ళని అడిగితే చెక్ చేసి చెప్తాం అన్నారు. ఇప్పటికీ చెక్ చేస్తూనే ఉన్నారు.

ఆ ముక్క ఎవరిదో ఎవరూ అడగలేదు. నేను నోరు కట్టేసుకున్నాను. దొంగతనం నింద తప్పినా, కాటా పాడు చేశాడని పంపెయ్యొచ్చు కదా. అతనే వంగి ఆ పెంకు తీశాడు.

"ఇది నేను కొట్టిందేనండీ మేడం" అన్నాడు.

ఒరే వెర్రినాయనా, నిన్నెవడు అడిగాడురా అని లోపల తిట్టుకున్నాను. పైకి మాత్రం "కాయ ఇచ్చింది నేను మేడం. పెద్దోణ్ణి నేనే కదా" అన్నాను.

మేనేజరమ్మ ఆ కుంకుమ వైపు చూసింది. ముట్టుకోలేదు. "దేవుడిది చెత్తబుట్టలో వెయ్యకండి" అంది. తరవాత అతని చేతిలోని తాళాల వైపు చూసి, "అవి నీ దగ్గరే ఉంచుకో. సోమవారం టైముకి రా" అంది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, రాయి నాలుగు మూలలా పెట్టాలని నాకు చెప్పి పోయింది. సారీ అన్న మాట ఆవిడ నోట రాలేదు. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. "బాబాయ్ గారూ, మీరు కూడా నేనే తీశాననుకున్నారా అండీ?"

"అనుకున్నాను. ఎందుకు అనుకోను? నానెవుర్నీ వదల్లేదు. ఆఖరికి నా పొట్టని కూడా నమ్మలేదు, అందుకే కదా బతికినావు!" అన్నాను. నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, ఏలకుల ఘాటు అని చెప్పాను.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర అతను నా ముందు ఆగి, సంచి జిప్పు లాగి తెరిచాడు. డబ్బా మూత తీశాడు.

"ఇక అక్కర్లేదు లా, ఎల్లు" అన్నాను.

"చూసెయ్యండి బాబాయ్ గారూ. నాకదే బాగుంటుంది."

మర్నాడూ అంతే. ఆపై నెలా అంతే. కూతురు పుట్టిందని మిఠాయి పంచిన రోజు కూడా, మిఠాయి డబ్బా మూత నా ముందు తీశాకే గేటు దాటాడు. కోప్పడ్డాను, బతిమాలాను. మేనేజరమ్మ చేత చెప్పించాను. వినలేదు. నేను లేని రోజున సెక్యూరిటీవాళ్ళకి చూపించేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు. ఒంట్లోకి ఎక్కిన ఆ అవమానాన్ని తీసెయ్యడానికి నా దగ్గర ఏ ఫోర్క్‌లిఫ్టూ లేకపోయింది.

అనుమానం వద్దని మీకు నేను చెప్పను పిల్లలూ. చెప్తే నా అంత అబద్ధాలకోరు ఉండడు. అనుమానమే అతన్ని నిలబెట్టింది. కాకపోతే మనిషిని చెక్ చేసినంత సేపు కాటానీ చెయ్యండి, రాయిని నాలుగు మూలలకీ మొయ్యండి. నడుం నొప్పెడితే రాసుకోండి అని మా ఆవిడ తైలం సీసా ఇస్తుంది, నేనే తెచ్చిస్తాను.

నేను రిటైరైన రోజు దండలు వేశారు, ఫొటోలు తీశారు. మేనేజరమ్మ ఒక గోడ గడియారం ఇచ్చింది. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాను. అప్పటికి చెకర్ పని అతనిదే. నా బల్ల, నా కుర్చీ, నా ఇనుప రాయి. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

నేను ఆగి, సంచి దించి, జిప్పు లాగాను. గడియారం పెట్టె మూత తీశాను. అన్నం డబ్బా మూత తీశాను.

"చెక్ చెయ్యి బాబూ" అన్నాను.

అతను వంగి, లోపలికి చూడకుండానే డబ్బా మూత పెట్టాడు. పెట్టె మూత పెట్టాడు. జిప్పు లాగి, సంచి నా భుజానికి తగిలించాడు.

"చూశానండీ" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఫోర్క్‌లిఫ్ట్ తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అన్నే, ఇవాళ మీవాడు సంచి తెరవకుండానే గేటు దాటి పోయాడు. ఏం చెప్పావేంటి?" అన్నాడు.

నేను నమ్మలేదు. తరవాతి వారం వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చాను.